కణం సంగతి తర్వాత, మందు ముందు ఉప్పల్ దాకా చేరాలి

ఈ మధ్య హైదరాబాద్‌లో జరిగిన ఒక సెమినార్‌లో చక్కెర ఆధారిత పాలిమర్ల మీద, అంటే చక్కెరలను గొలుసులా కూర్చిన పెద్ద అణువుల మీద, గంటసేపు ప్రసంగం విన్నాను. జన్యు చికిత్సలకూ ప్రోటీన్ మందులకూ ఈ పాలిమర్లు రెండు విధాలుగా ఉపయోగపడతాయని వక్త మొదట్లోనే చెప్పారు. మందు చెడిపోకుండా నిలబెట్టడం ఒకటి, దాన్ని శరీరంలో కావలసిన కణంలోకి చేరవేయడం రెండోది. మొదటి పనికి రెండు స్లైడ్లు సరిపోయాయి. మిగతా గంటంతా రెండో దానిదే. ప్రశ్నల సమయంలోనూ అందరూ కణం గోడ గురించే అడిగారు. వెనక వరుసలో కూర్చున్న ఒక ఎం.ఫార్మసీ విద్యార్థిని మాత్రం, "నలభై డిగ్రీల దగ్గర నెల రోజులు ఉంచితే ఎంత మిగులుతుంది సార్?" అని అడిగింది. "అది ఫార్ములేషన్ వాళ్ళు చూసుకుంటారమ్మా" అన్నారు వక్త. హాలంతా నవ్వింది.

నేను ఆ ఫార్ములేషన్ వాళ్ళలో ఒక మనిషిని. శామీర్‌పేట దాటాక వచ్చే, మందుల, టీకాల కర్మాగారాలున్న జీనోమ్ వ్యాలీలో, వయల్‌లోని పొడి రెండేళ్ళపాటు పొడిగానే ఉండేలా చూడడం నా వృత్తి. కాబట్టి ఆ నవ్వు మీద నాకు కొంత అభ్యంతరం ఉంది. చక్కెర పాలిమర్లు కణంలోకి ఎలా దూరతాయన్నది పెద్ద శాస్త్రమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఈ రెండు వాగ్దానాల్లో మనకు చేరువలో ఉన్నది మొదటిదేననీ, రెండో దాని మెరుపులో మొదటిది మరుగున పడుతోందనీ, ఈ ఊరిలాంటి ఊళ్ళో ఉన్న మనం మాత్రం ఆ వరుసను తిరగేసి చూడాలనీ నా అభిప్రాయం.

పాతిక డిగ్రీల అగ్నిపరీక్ష

మామూలు మాత్రలకు త్వరిత స్టెబిలిటీ పరీక్ష, అంటే మందు ఎంతకాలం నిలుస్తుందో తొందరగా అంచనా వేసే పరీక్ష, చేసేటప్పుడు చాంబర్‌ను 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ దగ్గర పెడతాం. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన మందులకు అంత వేడి పెట్టరు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం వాటి త్వరిత పరీక్ష సాధారణంగా 25 డిగ్రీలు, 60 శాతం తేమ. అంటే ఒక యాంటీబాడీ మందుకు కఠిన పరిస్థితి అని కాగితం మీద రాసుకునే వేడి, హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దుటి ఎండతో సమానం. ఆ మార్గదర్శకం తప్పని అనను. ఫ్రిజ్ బయట ఉండకూడని మందును ఫ్రిజ్ బయట కొద్దికాలం పరీక్షించడం అనే తర్కం దానికి ఉంది. అయితే ఆ తర్కం మందు ప్రయాణమంతా ఫ్రిజ్‌లోనే సాగుతుందన్న నమ్మకం మీద నిలబడింది.

మొన్న మే నెలలో కోఠిలోని ఒక మందుల దుకాణం దగ్గర నిలబడి ఉండగా, నా ముందున్న ఒకామె తన అత్తగారి కోసం ఇన్సులిన్ వయల్స్ కొన్నది. బయట ఎండ నలభై రెండు దాటి ఉంది. "అన్నా, ఐస్ జర ఎక్కువ పెట్టు, ఉప్పల్ దాకా పోవాలె, బస్సుల" అన్నదామె. "గంత దూరమా అక్కా, ఇగో రెండు పెడుతున్న" అంటూ ఆ దుకాణదారు, డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన రెండు జెల్ ప్యాకెట్ల మధ్య అట్టపెట్టెను నేరుగా ఇరికించి, రబ్బరు బ్యాండు బిగించి, నల్ల కవర్లో వేసి ఇచ్చాడు. చూస్తే అంతకన్నా జాగ్రత్త ఏముంటుందనిపిస్తుంది. కానీ ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, ఆ మాట పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది. మొదటి అరగంట ఆ వయల్‌కు ఘనీభవించే ప్రమాదం, జెల్ కరిగాక మిగతా దారంతా ఉడికే ప్రమాదం. ఒకే బస్సు ప్రయాణంలో రెండూ ఎదురవుతాయి. ఆమె గానీ అతను గానీ బాధ్యత లేకుండా ప్రవర్తించలేదు. డేటా లాగర్లు పెట్టి, ఉష్ణోగ్రత పట్టీలు గీసి, కర్మాగారం నుంచి కోఠి దాకా మేం కాపాడుకొచ్చిన కోల్డ్ చెయిన్ ఆ కౌంటర్ దగ్గర ఆగిపోయింది, అంతే. అక్కడి నుంచి ఉప్పల్ దాకా ఉన్న దూరానికి ఎవరి ప్రొటోకాలూ లేదు.

ఆ దూరానికి ప్రొటోకాల్ రాయడం కన్నా, ఆ దూరాన్ని తట్టుకునే మందును తయారు చేయడమే సుళువని నాకు అనిపిస్తుంది. చక్కెర పాలిమర్ల మీద నా ఆసక్తి అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

చక్కెర చేసే పని

ప్రోటీన్ అంటే మడతపడిన గొలుసు. ఆ మడతలోనే దాని పనితనం ఉంది. వేడి చేసినా, కుదిపినా, ఆరబెట్టినా మడత వదులై, లోపల దాగి ఉన్న నీటికి పడని భాగాలు బయటపడి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. ద్రావణంలో చక్కెర ఉంటే అది ప్రోటీన్ ఉపరితలానికి కొంత ఎడంగా ఉండడానికి మొగ్గుచూపుతుంది. దాంతో తక్కువ ఉపరితలం ఉన్న మడత రూపమే ప్రోటీన్‌కు అనుకూలమవుతుంది. లయో చేసేటప్పుడు, అంటే గడ్డకట్టించి నీటిని తీసేసి ఆరబెట్టేటప్పుడు, పోయిన నీటి అణువుల చోట చక్కెరలోని హైడ్రాక్సిల్ సమూహాలు ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఆపైన మొత్తం పదార్థం, బాగా ముదిరిన పాకం పలుకు కట్టకుండా గాజులా గట్టిపడినట్టు, బిగుసుకుపోతుంది. ఆ గాజులో చిక్కుకున్న ప్రోటీన్ కదలలేదు, కదలనిది విప్పుకోలేదు.

అన్ని చక్కెరలూ ఇందుకు పనికిరావు. గ్లూకోజ్, లాక్టోజ్ వంటి వాటికి ఒక చివర చర్యాశీలంగా ఉంటుంది. ఆ కొస ప్రోటీన్‌లోని అమైన్ అనే సమూహాలతో కలిసి, రోజులు గడిచేకొద్దీ తెల్లగా ఉండవలసిన కేకును (వయల్‌లో ఆరిన మందు ముద్దను) గోధుమ రంగులోకి తిప్పుతుంది. రంగు మారిన వయల్‌ను వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు కలిగే నిస్పృహ మా వృత్తిలో అందరికీ తెలిసినదే. సుక్రోజ్‌కు ఆ కొస లేదు, కానీ ఆమ్లగుణం ఉన్న ద్రావణంలో అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయి మళ్ళీ అదే తంటా తెస్తుంది. రెండు గ్లూకోజులు తమ చర్యాశీలమైన చివర్లతోనే ఒకదానికొకటి ముడిపడిన ట్రెహలోజ్ ఈ విషయంలో గట్టి పిండం. దీన్ని 1832లో విగర్స్ ఎర్గట్ శిలీంధ్రంలో కనుగొన్నాడు. పేరు పెట్టినది 1859లో బెర్తెలో. ఈస్టు, కొన్ని శిలీంధ్రాలు, ఎండిపోయి మళ్ళీ నీరు తగలగానే లేచి కూర్చునే కొన్ని సూక్ష్మజీవులు దీన్ని దండిగా తయారు చేసుకుంటాయి. 1990ల మధ్యలో జపాన్‌కు చెందిన హయాషిబారా సంస్థ పిండిపదార్థం నుంచి ఎంజైములతో దీన్ని తీయడం మొదలుపెట్టిన తర్వాత ధర బాగా దిగివచ్చింది.

రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్ అసలు బ్రాండు హెర్సెప్టిన్ 440 మిల్లీగ్రాముల వయల్‌లో ట్రెహలోజ్ 400 మిల్లీగ్రాములు ఉంటుంది. దాదాపు మందుకు సమానమైన బరువు. ఒకసారి ఒక ఆసుపత్రి డే కేర్ విభాగంలో, సీనియర్ నర్సు కొత్తగా చేరిన అమ్మాయికి ఆ రకం వయల్‌ను ఎలా కలపాలో చూపిస్తుంటే పక్కనే ఉన్నాను. నీటిని నేరుగా కేకు మీద కాక గాజు గోడ వెంట జారనిచ్చి, వయల్‌ను నెమ్మదిగా గుండ్రంగా తిప్పి, కింద పెట్టేసింది. "ఊపొద్దు తల్లీ, నురగ వస్తే మందు పోయినట్టే" అన్నది. ఐదు నిమిషాలు ఇద్దరూ దాన్ని చూస్తూ ఊరుకున్నారు. నురగ అంటే గాలికీ నీటికీ మధ్య కొత్త ఉపరితలం. ప్రోటీన్ అక్కడికి చేరి విప్పుకుంటుంది. ట్రెహలోజ్ ఎంత ఉన్నా ఈ ప్రమాదాన్ని పెద్దగా ఆపలేదు, అందుకే ప్రోటీన్‌ను ఆ ఉపరితలానికి చేరనివ్వని పాలిసార్బేట్ అనే పదార్థాన్ని కూడా ఆ వయల్‌లో కొద్దిగా కలుపుతారు.

మామూలు ట్రెహలోజ్ పరిమితి అక్కడే కనబడుతుంది. పొడిగా ఉన్నంతకాలం అది రాజు. నీటిలో కలిపాక చిన్న అణువు కాబట్టి ద్రావణమంతటా పరచుకుంటుంది. ప్రోటీన్ చుట్టూ తగినంత ఉండాలంటే మొత్తం ద్రావణంలోనే చాలా ఉండాలి. ఇంజెక్షన్ చేసిన మరుక్షణం రక్తంలో చెదిరిపోతుంది. ట్రెహలోజ్‌లను ఒక పొడవాటి గొలుసుకు పూసలుగా గుచ్చి, ఆ గొలుసును ప్రోటీన్‌కే తగిలించితే ఏమవుతుందన్న ప్రశ్న అలా పుట్టింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెదర్ మేనార్డ్ బృందం 2012లో లైసోజైమ్ అనే ఎంజైముకు ఇలాంటి గొలుసును జోడించి, వేడికీ పదేపదే ఆరబెట్టడానికీ అది తట్టుకుంటుందని చూపింది. తర్వాత ఇన్సులిన్ వంటి వాటి మీద కూడా పని చేశారు. గొలుసును అతికించకుండా పక్కన కలిపినా కొంత రక్షణ దొరుకుతుందని తేలింది. అతికించితే అణువు పెద్దదై మూత్రపిండాల గుండా త్వరగా జారిపోకుండా ఉంటుంది. ఇప్పుడు పెగ్ అనే పాలిమర్ చేస్తున్న పని అదే. నీటిలో ఉన్న మందును, ఫ్రిజ్ బయట, కుదుపుల మధ్య కాపాడే అవకాశం అన్నది నా దృష్టిలో మామూలు ఫలితం కాదు. దానికి సెమినార్‌లో రెండు స్లైడ్లు దక్కాయి.

రెండో వాగ్దానం

రెండో పనికి ఉన్న చరిత్రను కూడా న్యాయంగా చెప్పాలి. కణాల్లోకి జన్యుపదార్థాన్ని పంపడానికి చక్కెర పాలిమర్లను వాడడం నిన్నటి సంగతి కాదు. 1965లోనే వహేరి, పగానో అనే ఇద్దరు, ధనావేశం ఎక్కించిన డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసు సాయంతో పోలియో వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణాల్లోకి పంపారు. డీఎన్‌ఏకూ ఆర్‌ఎన్‌ఏకూ ఋణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న పాలిమర్ దాన్ని చుట్టుకుని చిన్న ఉండగా చేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ ఉండలు రక్తంలోని లవణాలూ ప్రోటీన్లూ తగలగానే ఒకదానికొకటి అంటుకుని గడ్డలవుతాయి. ట్రెహలోజ్‌ను గొలుసులోనే కూర్చితే సీరమ్‌లో (రక్తంలోని ద్రవభాగంలో) కూడా ఆ గడ్డకట్టడం తగ్గుతుందని థెరీసా రైనెకె బృందం 2006లో చూపింది. గమనించండి, ఇక్కడ కూడా చక్కెర చేసినది నిలబెట్టే పనే. చేరవేత అని మనం పిలుస్తున్న దానిలో సగం, దారిలో చెడకుండా ఉండడమే.

అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో మార్క్ డేవిస్ బృందం ఇంకా ముందుకు వెళ్ళింది. సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర వలయాలను గొలుసుగా చేసి, దానిలో చిన్న ఆర్‌ఎన్‌ఏను మూటగట్టి, క్యాన్సర్ రోగులకు ఎక్కించారు. మనిషి శరీరంలో ఆర్‌ఎన్‌ఏ జోక్యం, అంటే చిన్న ఆర్‌ఎన్‌ఏ వెళ్ళి ఒక జన్యువు పనిని ఆపడం, జరిగిందనడానికి తొలి సాక్ష్యం 2010లో ఆ ప్రయోగం నుంచే వచ్చింది. (సైక్లోడెక్స్‌ట్రిన్ మనకు అపరిచితం కాదు. 2021 వేసవిలో ఊరంతా వెతుక్కున్న రెమ్‌డెసివిర్ వంద మిల్లీగ్రాముల పొడి వయల్‌లో, మందును కరిగించడానికి ఆ జాతి పదార్థమే మూడు గ్రాములు ఉంటుంది.) అయితే ఆ క్యాన్సర్ మందు మార్కెట్టుకు చేరలేదు. దాన్ని రెండు వయల్స్‌గా ఉంచి, రోగికి ఎక్కించే ముందు కలపవలసి వచ్చేదన్న వివరం మీద మాలాంటి వాళ్ళ చూపు ఆగిపోతుంది. కణంలోకి వెళ్ళగలిగిన మూటను తయారైన రూపంలో సీసాలో పెట్టి అందించలేకపోవడమన్నది ఫార్ములేషన్ వాళ్ళు చూసుకునే చిన్న విషయం కాదు.

కణం గుమ్మం దాటినా కథ ముగియదు. లోపలికి వెళ్ళిన మూట ఎండోసోమ్ అనే సంచిలో చిక్కుకుంటుంది. లిపిడ్ నానోకణాలతో (అతి చిన్న కొవ్వు ఉండలతో) పంపిన చిన్న ఆర్‌ఎన్‌ఏలో ఆ సంచిని తప్పించుకుని బయటపడేది ఒకటి రెండు శాతమేనని 2013లో లెక్కగట్టారు. పాలిమర్ల పరిస్థితి ఇంతకన్నా ఘనంగా ఉందనుకోవడానికి నాకు కారణం కనబడలేదు.

ఈ రంగంలో చక్కెర సాధించిన నిజమైన గెలుపు మాత్రం పాలిమర్ ద్వారా రాలేదు. ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్ అనే చక్కెరను మూడు కొమ్మల గుత్తిగా చేసి ఆర్‌ఎన్‌ఏకు అతికిస్తే, కాలేయ కణాల మీద దాన్ని గుర్తుపట్టే గ్రాహకం లోపలికి లాక్కుంటుంది. ఈ దారిలో తయారైన గివోసిరాన్ అనే మందుకు 2019లో అనుమతి వచ్చింది. కొలెస్ట్రాల్‌కు ఆరు నెలలకొకసారి ఇచ్చే ఇంక్లిసిరాన్ కూడా ఈ దారిదే. ఈ రెండింటికీ ఫ్రిజ్ అక్కర్లేదు. అంటే చేరవేతలో గెలిచినది చిన్న గుత్తి, పైగా అది నిలకడలో కూడా గెలిచింది. కాలేయం దాటి మరే అవయవానికీ ఆ చిరునామా పనిచేయడం లేదన్నది దాని హద్దు.

చక్కెర కదా, శరీరానికి తెలిసినదే కదా

నాకు అన్నిటికన్నా పేచీ ఉన్నది ఈ వాదనతోనే. పెగ్ మీద కొందరి శరీరంలో యాంటీబాడీలు తయారవుతున్నాయన్నది నిజం. రక్తహీనతకు 2012లో వచ్చిన పెజినెసటైడ్ అనే పెగ్ మందును తీవ్రమైన అలర్జీల వల్ల మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. కనుక పెగ్‌కు బదులు ఇంకొకటి కావాలి. కానీ "చక్కెర సహజమైనది, శరీరం దాన్ని తనదిగానే చూస్తుంది" అని వెంటనే అనేయడం, మరెక్కడైనా చెల్లుతుందేమో గానీ హైదరాబాద్‌లో చెల్లకూడదు.

ఎందుకంటే చక్కెర పాలిమర్‌ను ప్రోటీన్‌కు అతికించడం అనే పనిని, రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపడానికే, ఈ ఊరి కర్మాగారాలు రోజూ చేస్తున్నాయి. భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీ అంటే, టైఫాయిడ్ బాక్టీరియా పైపూతలోని చక్కెర గొలుసును టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కు జోడించినదే. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యతకు తన ఆమోదం) ఇచ్చింది. బయొలాజికల్ ఇ కూడా టైఫాయిడ్‌కు ఇదే తరహా టీకా చేస్తోంది. ఉత్త చక్కెర గొలుసుకు సరిగ్గా స్పందించని రెండేళ్ళ లోపు పసిపిల్లల శరీరం కూడా, ప్రోటీన్ తోడైతే స్పందిస్తుంది. జీనోమ్ వ్యాలీలో ఒక గేటు లోపల యాంటీబాడీలు పుట్టాలని చేసే జోడింపునే పక్క గేటు లోపల యాంటీబాడీలు పుట్టవన్న భరోసాతో చేయబోతున్నాం. రెండూ నిజం కావచ్చు, కానీ రెండో దాన్ని ఊరికే నమ్మలేం, రుజువు చేయాలి.

చక్కెరల్లో చిన్న తేడా పెద్ద మార్పు తెస్తుంది. పైన కాలేయానికి చిరునామాగా చెప్పిన ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైనే 'ఏ' రక్తవర్గాన్ని నిర్ణయించే కొస చక్కెర కూడా. 'బి' వర్గానికి అక్కడ గాలక్టోజ్ ఉంటుంది. ఆ తేడా ఎరగక రక్తం ఎక్కిస్తే మనిషి చనిపోవచ్చు. టైఫాయిడ్ బాక్టీరియా పైపూత చక్కెర కూడా ఆ కుటుంబానిదే. ఒకే వంశం ఒకచోట చిరునామా, ఇంకొకచోట గుర్తింపు కార్డు, మరొకచోట శత్రువు పతాకం. ట్రెహలోజ్‌కు మినహాయింపు ఇద్దామా అంటే, క్షయ బాక్టీరియా పైపూతలో కొవ్వు ఆమ్లాలతో ముడిపడి ఉన్న ట్రెహలోజ్ మన రోగనిరోధక వ్యవస్థను గట్టిగానే రెచ్చగొడుతుంది. డెక్స్‌ట్రాన్ కొందరిలో తీవ్రమైన అలర్జీ తెచ్చింది. రక్తపరిమాణం పెంచడానికి దశాబ్దాలు వాడిన హైడ్రాక్సీఈథైల్ స్టార్చ్ వల్ల తీవ్ర అస్వస్థుల మూత్రపిండాలకు హాని జరుగుతోందని తేలి, 2022లో ఐరోపాలో దాని అనుమతులను నిలిపివేశారు. అది కూడా పిండిపదార్థమే, "సహజమైనదే".

ఇంకొక సంగతి ప్రసంగాల్లో వేగంగా దాటేస్తారు. చక్కెర పాలిమర్ అన్న పేరు వినగానే నిలువెల్లా చక్కెరే అనుకుంటాం. మేనార్డ్ బృందం తొలి గొలుసులో ట్రెహలోజ్‌లు వేలాడినది పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ జాతి వెన్నెముకకు. శరీరంలోని ఏ ఎంజైమూ దాన్ని కోయలేదు. శరీరంలో కరిగిపోయే వెన్నెముకలతో తర్వాత వాళ్ళే ప్రయత్నాలు చేశారు, ఆ దారి సరైనది. ఒక్క మోతాదుతో ముగిసే జన్యు చికిత్సకు ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. ముప్పై ఏళ్ళపాటు రోజూ పొడుచుకునే ఇన్సులిన్‌కు మాత్రం తప్పకుండా సమస్యే.

నా వాదన మీద నాకే ఉన్న అనుమానాలు

నిలకడే ముందు అంటున్న నా మాటకూ ఎదురుదెబ్బలు ఉన్నాయి. ఉత్తర కెన్యాలోని దగహాలే శరణార్థి శిబిరంలో ఉష్ణోగ్రత 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతుంది. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ఆ ఊగిసలాటను ప్రయోగశాలలో అచ్చంగా సృష్టించి, ఇన్సులిన్‌ను నాలుగు వారాలు ఉంచితే దాని శక్తి చెప్పుకోదగినంత తగ్గలేదని 2021లో ప్రచురించాయి. అంటే కోఠి నుంచి ఉప్పల్ వెళ్ళిన ఆమెకు అసలు ఐసే అక్కర్లేదు, కుండ పక్కన గుడ్డలో చుట్టి ఉంచినా సరిపోయేదేమో. ఆమెకు కావలసినది పాలిమర్ కాదు, సరైన సలహా. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇన్సులిన్ మొండి ప్రోటీన్, దాన్ని ముందు పెట్టి చక్కెర పాలిమర్లను అమ్మడం న్యాయం కాదు. కానీ ఇన్సులిన్‌కు ఉన్న మొండితనం ఎంజైములకు, ఆర్‌ఎన్‌ఏ మూటలకు, వైరస్ కవచాల్లో పెట్టి ఇచ్చే జన్యువులకు లేదు. ఫైజర్ కోవిడ్ టీకాలో చక్కెర ఉన్నా తొలి రోజుల్లో మైనస్ 70 డిగ్రీలు అడిగింది.

మామూలు చక్కెరా, మంచి లయో సైకిలూ ఉంటే చాలదా అని నా సహోద్యోగి ఒకాయన వాదిస్తారు. 2022 జూన్‌లో అత్యవసర అనుమతి పొందిన పుణెలోని జెన్నోవా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను ఉదాహరణగా చూపుతారు. ఆరబెట్టిన పొడి రూపం కాబట్టి అది మామూలు ఫ్రిజ్‌లో నిలుస్తుంది. ఈ ఊళ్ళోని కణజీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో ఉన్న అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం అదే ఏడాది ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికతను స్వయంగా రూపొందించిందని తెలుసుకున్నప్పుడు కూడా, ఆయన మొదట అడిగినది "లయో ఎవరు చేస్తారు?" అనే. ఆ ప్రశ్నలో బలం ఉంది. ట్రెహలోజ్, సుక్రోజ్ అంటే నియంత్రణ సంస్థలకు దశాబ్దాల పరిచయం. కొత్త పాలిమర్ అంటే కొత్త ఎక్సిపియెంట్ (మందుతో పాటు కలిపే పదార్థం), ప్రోటీన్‌కు అతికిస్తే ఏకంగా కొత్త మందు. అమెరికా ఎఫ్‌డీఏ కొత్త ఎక్సిపియెంట్లను మందుతో నిమిత్తం లేకుండా విడిగా పరిశీలించే ప్రయోగాత్మక కార్యక్రమాన్ని 2021లో మాత్రమే మొదలుపెట్టింది. అప్పటిదాకా, పరీక్షల ఖర్చంతా భరించి కొత్త పదార్థాన్ని మొదటగా వాడే సాహసం ఏ కంపెనీకి ఉంటుంది? పైగా పాలిమర్ అంటే ఒకే అణువు కాదు, పొట్టివీ పొడుగువీ కలిసిన గుంపు. ఈ బ్యాచ్‌లోని గుంపూ పోయిన బ్యాచ్‌లోని గుంపూ ఒకటేనని చూపడానికే ఒక విభాగం కూర్చోవాలి.

వేడి ఒక్కటే శత్రువు కాదన్నది ఇంకొక అభ్యంతరం. శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ ఊరి నుంచి తెచ్చిన హెపటైటిస్ బి టీకా లాంటివి వేడిని బాగానే ఓర్చుకుంటాయి గానీ గడ్డకడితే పనికిరాకుండా పోతాయి. అనుమానం వస్తే ఆరోగ్య కార్యకర్తలు వయల్‌ను ఊపి, మడ్డి ఎంత త్వరగా దిగుతుందో చూస్తారు. అక్కడ దోషం టీకాలో కలిపే అల్యూమినియం లవణానిది, దాన్ని చక్కెర గొలుసు బాగుచేస్తుందని నేను చెప్పలేను.

ఇవన్నీ తూచాక కూడా నేను నా వైపే మొగ్గుతున్నాను. కారణం, నిలకడ అనేది కొలిచి, నిరూపించి, పెట్టె మీద అచ్చువేయగలిగిన విషయం. ఆఫ్రికాలో మెనింజైటిస్ కోసం పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన మెన్‌ఆఫ్రివ్యాక్ టీకాను 40 డిగ్రీల దాకా, నాలుగు రోజులపాటు ఫ్రిజ్ బయట ఉంచవచ్చని 2012లో లేబుల్ మార్చారు. అదీ చక్కెర గొలుసును ప్రోటీన్‌కు అతికించినదే. టీకాలో మార్పేమీ చేయలేదు, అది ఎంత తట్టుకుంటుందో కొలిచి, ఆ లెక్కలతో అనుమతి తెచ్చుకున్నారు. దాంతో ఐసు పెట్టెలు మోయకుండానే ఊళ్ళకు వెళ్ళగలిగారు. కణంలోకి ఎంత శాతం వెళ్ళిందన్న లెక్కతో ఏ ఏఎన్‌ఎమ్ చేతి బరువూ తగ్గదు.

కాబట్టి ఒక చక్కెర పాలిమర్ గురించి కొత్త పరిశోధనా పత్రం చేతికి వస్తే నేను చూసే క్రమం వేరు. మొదట వెన్నెముక ఏమిటో చూస్తాను. పోల్చినది ఉత్త ప్రోటీన్‌తోనా, అదే బరువు ట్రెహలోజ్ కలిపిన ప్రోటీన్‌తోనా అన్నది తర్వాత. చాలా పత్రాల్లో ఆకర్షణీయంగా కనబడే తేడా ఈ రెండో పోలికలో సగానికి సగం కరిగిపోతుందని నా అనుమానం. ఎన్ని నిమిషాలు వేడి చేశారన్నది మూడోది. తొంభై డిగ్రీల దగ్గర అరగంట కన్నా నలభై డిగ్రీల దగ్గర మూడు నెలలు నాకు ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే ఆ రెండింటిలో మందు చెడే దారులు వేరు. ఒకే జంతువుకు పదేపదే ఇచ్చి యాంటీబాడీలు వెతికారా అన్నది ఆఖరుకు చూస్తాను. ఇవేవీ అరుదైన పరికరాలు అడిగే పరీక్షలు కావు. స్టెబిలిటీ చాంబర్లు, షేకర్లు, ముద్దకట్టిన ప్రోటీన్‌ను లెక్కించే కాలమ్‌లు, టైఫాయిడ్ టీకా కోసం చక్కెర మీద పుట్టే యాంటీబాడీలను కొలవడం వెన్నతో పెట్టిన విద్యగా ఉన్న మనుషులు, అన్నీ శామీర్‌పేట నుంచి తుర్కపల్లి మధ్య ఉన్నాయి. పాలిమర్‌ను కనిపెట్టినది లాస్ ఏంజెలెస్ అయినా, మరే ఊరైనా, మే నెలలో అది నిలుస్తుందో లేదో తేల్చగలిగిన వాళ్ళం మనం. పైన చెప్పిన రెండో పోలికలో మామూలు ట్రెహలోజే గెలిస్తే, ఆ మందుకు పాలిమర్ అక్కర్లేదని మా సహోద్యోగి మాట నెగ్గినట్టు. ఆ ఫలితాన్ని కూడా ప్రచురించాలి.